చచ్చిపోయిన గ్లెన్ తిరిగొచ్చే పొద్దులు

ఆథల్ గిల్‌క్రిస్ట్ కుక్క గ్లెన్ చచ్చిపోయి నాలుగేళ్లయింది. నేనూ ఆథలూ కలిసే దాన్ని వాళ్ల కోళ్లగూడు వెనక, వానలో తడుస్తూ పాతిపెట్టాం. అంచేత మొన్న వసంతంలో ఒక పొద్దున ఆథల్ కంచె మీదుగా తల పెట్టి, "క్లారీ, గ్లెన్ వచ్చాడ్రా!" అన్నప్పుడు, చేతిలో టీ కప్పు కింద పెట్టి ముందు వాడి మొహం చూశాను.

"ఎక్కడికొచ్చాడు?"

"కంప్యూటర్లోకి."

కంచె దగ్గరికెళ్లి వాడి నోటి వాసన చూశాను. టూత్‌పేస్టు తప్ప ఏమీ లేదు.

"వాసన చూస్తావేంట్రా? తెర మీద నిలబడున్నాడు. నాలుక బయట పెట్టి, అచ్చం నన్నే చూస్తున్నాడు. నిన్న పొద్దున ఆపేసేప్పుడు అక్కడ బెస్ బొమ్మ ఉంది. ఇవాళ లేచి చూస్తే బెస్ లేదు, గ్లెన్ ఉన్నాడు."

బెస్ అంటే ఇప్పటి కుక్క. అది అప్పుడు ఆథల్ కాళ్ల దగ్గర నిక్షేపంగా కూర్చుని నా బంగాళాదుంప మళ్లను తవ్వడం ఎలాగా అని ఆలోచిస్తోంది. పోయినవాళ్లు తిరిగొస్తే ఉన్నవాళ్లకి ఎంత చులకనో దానికేం తెలుసు.

ఆథల్ గురించి కొంచెం చెప్పాలి. నలభై ఏళ్లు మా సౌత్‌లాండ్ జిల్లాలో ఈ మూల నుంచి ఆ మూలకి గొర్రెల లారీ తోలాడు. వాడి ఆస్తి లారీ కాదు, జ్ఞాపకం. ఏ పొలం గేటు కుడికి తెరుచుకుంటుందో, ఏ గేటుకి గడియ పాడై తాడు కట్టారో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇల్లాలు చీజ్ రోల్స్‌లో వెన్న దండిగా రాస్తుందో, ఎవరు పొదుపు చేస్తారో, అన్నీ వాడి బుర్రలో ఉన్నాయి. అరవయ్యేళ్ల కింద బళ్లో నా పక్క బెంచీలో కూర్చుని నేను చెప్పిన అబద్ధాలు కూడా తేదీలతో సహా అప్పజెబుతాడు. ఇలాంటివాడితో స్నేహం మహా కష్టం.

రెండోది, వాడు దేన్నీ పారెయ్యడు. వాళ్ల షెడ్డులో మూత లేని డబ్బాలు ఒక గోడకి, డబ్బా లేని మూతలు ఇంకో గోడకి ఉంటాయి. ఆ కంప్యూటరూ అంతే. కొత్త సిస్టమ్ ఇందులో పట్టదు, మిషనే కొత్తది కొనుక్కోండి అని ఇన్వర్‌కార్గిల్ టౌన్లో దుకాణంవాడు చెప్తే, "సీటు కవర్ల ఫ్యాషన్ మారిందని లారీ పారేస్తామా?" అని అడిగి బయటికొచ్చేశాడట. అప్పుడు నేనే, పాత మిషన్ల మీద కూడా నడిచే లినక్స్ అనే సిస్టమ్ పెట్టిచ్చాను. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ స్తంభాలెక్కిన చెయ్యి నాది. తీగలన్నాక నాకు తెలియనిది లేదని ఊళ్లో పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నానని నోయ్‌లీన్ అంటుంది. నోయ్‌లీన్ ఆథల్ భార్య. ఆవిడ మాట అలాగే ఉంటుంది.

సరే, వెళ్లి చూశాను. నిజమే, తెర నిండా గ్లెన్. నాకు వెంటనే అర్థమైంది.

లినక్స్‌లో మన రాతలూ ఫొటోలూ మన సామానంతా ఉండే చోటుని హోమ్ అంటారు. మొదట్లో ఆథల్ హోమ్ కంప్యూటర్ లోపలి చిన్న డిస్కులో ఉండేది. అప్పుడు తెర మీది బొమ్మ గ్లెన్‌దే. గ్లెన్ పోయినాక ఆ చిన్న డిస్కు నిండిపోతే, ఎవరో వదిలేసిన పెద్ద డిస్కొకటి తెచ్చి, బయట పెట్టి, దానికి వేరుగా గోడ ప్లగ్గు నుంచి కరెంటిచ్చి, సామానంతా అందులోకి మార్చాం. పొద్దున కంప్యూటర్ లేవగానే ఆ పెద్ద డిస్కుని వెతికి తెచ్చి పాత హోమ్ మీద కూర్చోబెట్టాలి. దీన్నే మౌంట్ అంటారు. చాప మీద పరుపేసినట్టు. పైన పరుపుంటే కింద చాప కనపడదు, అంతేగానీ చాప ఎక్కడికీ పోదు. పాత హోమ్ తుడిచేద్దామంటే ఆథల్ ఒప్పుకుంటేగా. "ఉండనియ్యరా, తిండి అడుగుతోందా?" అన్నాడు.

కాబట్టి గ్లెన్ కనిపించాడంటే ఆ పూట పరుపు పడలేదన్నమాట. ఎందుకు పడలేదన్నదే ప్రశ్న.

ఇదంతా ఆథల్‌కి చెప్పానా? చెప్పలేదు. "నీకర్థం కాదులే, జరుగు," అన్నాను. వాడు జరిగాడు. నేను ఏ సమస్యకైనా మొదట చేసే పని చేశాను. బీరువా వెనక్కి చెయ్యి దూర్చి, చేతికి తగిలిన గోడ స్విచ్‌లన్నీ పైకి నెట్టి, కాసేపాగి, మళ్లీ అన్నీ కిందికి నొక్కాను. కంప్యూటర్ లేచింది. గ్లెన్ పోయి బెస్ వచ్చింది.

"ఏం చేశావురా?" అన్నాడు ఆథల్ నోరు తెరిచి.

"అనుభవం," అన్నాను. నోయ్‌లీన్ ఇచ్చిన చీజ్ రోల్స్ నాలుగు తిని ఇంటికొచ్చాను.

పది రోజులకి గ్లెన్ మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత వారం ఇంకోసారి. వచ్చినప్పుడల్లా నేను బీరువా వెనక చెయ్యి దూర్చడం, గ్లెన్ పోవడం, చీజ్ రోల్స్ తినడం. నాలుగోసారికి నాకూ పౌరుషం వచ్చింది. చెయ్యి దూర్చి తగ్గించడం వైద్యం కాదు. ఈ రోగం అంతు చూడాల్సిందే అనుకున్నాను.

ఏ డిస్కుని ఎక్కడ కూర్చోబెట్టాలో కంప్యూటర్‌కి చెప్పే ఫైలొకటుంది, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అని. అది తెరిచాం. అందులో డిస్కు పేరు బారెడు పొడుగు, అంకెలూ అక్షరాలూ కలగలిపి. ఆథల్ డిస్కు అసలు పేరు పైకి చదివాడు, నేను ఫైల్లోది సరిచూశాను. వాడు గొర్రెల వేలంపాట పాడినట్టు చదువుతాడు. సగంలో పక్కింటి రేడియో అనుకుని బెస్ మొరగడం మొదలెట్టింది. పేరు సరిగ్గానే ఉంది. తీగ మార్చాం. డిస్కు లేవడానికి కొంచెం ఎక్కువసేపు ఆగమని ఫైల్లో రాశాం. కంప్యూటర్ పాపం పొద్దున్నే ఆగి, ఆగి, తర్వాత గ్లెన్‌ని చూపించింది.

ఆ వరస చివర 'నోఫెయిల్' అనే మాటొకటుంది. డిస్కు దొరక్కపోతే గోల చెయ్యకు, దాన్ని వదిలేసి ముందుకెళ్లిపో అని దానర్థం. మొదట్లో అది లేదు. అప్పుడొకసారి డిస్కు దొరక్క కంప్యూటర్ నల్లతెర మీద తెల్లక్షరాలతో ఏదో అడుగుతూ నిలబడిపోతే, ఆథల్ భయపడి తువ్వాలు కప్పేశాడు. అప్పుడే ఆ మాట పెట్టించుకున్నాడు. "అరిచి గీపెట్టకుండా ముందుకెళ్లమను. మనం అలా వెళ్లట్లా?" అన్నాడు. మా ఊరి సిద్ధాంతమే అది. పైకప్పు ఎగిరిపోయినా 'పర్లేదు, సర్దుకుంటుంది' అనేవాళ్లం. వద్దురా, అరిచే మిషనే మంచిదిరా అని నేను చెప్పాను. వింటేగా.

నోయ్‌లీన్ టీ తెచ్చి ఇద్దర్నీ చూసింది.

"ఇంకా కుక్కని పట్టలేదా?"

"ఇది కుక్క సంగతి కాదు నోయ్‌లీన్. హోమ్ మౌంట్ కావట్లేదు," అన్నాను.

"ఏదో ఒకటి. తెరలో ఉన్నంతకాలం నాకేం బాధలేదు. కార్పెట్ నిండా వెంట్రుకలు రాల్చదు, కాళ్లు తుడుచుకోమని చెప్పక్కర్లేదు. మీ ఇద్దరికన్నా నయం," అంది. వెళ్తూ వెళ్తూ మేము వెలుగులో కూర్చుని ఉండగానే లైటు తీసేసి పోయింది.

అది ఆవిడ అలవాటు. ఆవిడదనే ఏముందిలే, మా ఊళ్లో స్విచ్ ఆపకుండా గది దాటినవాణ్ణి గొర్రెల దొంగ కన్నా హీనంగా చూస్తారు. గోడలో ప్రతి ప్లగ్గుకీ స్విచ్ ఉంటుంది, ప్రతి స్విచ్‌కీ ఎవరో ఒకరి తల్లి వేలుముద్ర ఉంటుంది. మా అమ్మ పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్‌లు తడిమేది, పిల్లల దుప్పట్లు తడిమిందో లేదో నాకు గుర్తులేదు.

ఇది ఇలా నడుస్తుండగా ఆథల్ మారిపోయాడు. నేను గ్లెన్ గొడవలో పడి చూసుకోలేదుగానీ, వాడు మాట్లాడటం తగ్గించాడు. కంచె దగ్గరికి రావడం మానేశాడు. ఒకరోజు రోడ్డు మీద కనిపించి, "పాతికేళ్ల కింద మా లారీ బురదలో దిగబడ్డప్పుడు ట్రాక్టర్‌తో లాగినవాడి పేరేంటి?" అని అడిగాడు. నాకు తెలీదన్నాను. "నాకు తెలుసు. ఊరికే, నాకు తెలుసో లేదో చూసుకుంటున్నా," అని వెళ్లిపోయాడు.

ఒక ఎండపొద్దున ఇద్దరం వైఆవు నదికి వల తీసుకుని వెళ్లాం. వసంతంలో వైట్‌బెయిట్ అని దారప్పోగుల్లాంటి చేపపిల్లలు సముద్రంలోంచి నదిలోకి ఎక్కుతాయి. వాటికోసం ఊరంతా ఒడ్డునే ఉంటుంది. ఎన్ని పడ్డాయని అడిగితే బకెట్ నిండా ఉన్నా సరే, "పిల్లికి సరిపోతాయి" అనాలి. అది మర్యాద. ఆ రోజు మాకు నిజంగానే పిల్లికి సరిపోయేన్నే పడ్డాయి. ఆథల్ వల వంక చూడటం లేదు.

"క్లారీ, లాకీ చివర్లో ఎలా అయ్యాడో గుర్తుందా?" అన్నాడు.

లాకీ వాడి అన్న. చివరి రోజుల్లో రబ్బరు బూట్లు ఫ్రిజ్‌లో పెట్టి, వెన్న తలుపు దగ్గర పెట్టేవాడు. ఆ తర్వాత ఆథల్‌నే ఎవరు నువ్వని అడిగాడు. నాకు గుర్తులేకపోవడమేంటి?

"నాకూ మొదలైందిరా," అన్నాడు ఆథల్.

వల మీంచి చూపు తిప్పి వాడి మొహం చూశాను. నోట మాత్రం, "నోర్ముయ్. నీకేం మొదలైంది, బట్టతలా?" అనే వచ్చింది.

"నవ్వకు. నోయ్‌లీన్‌కి చెప్పనని ఒట్టెయ్యి. వచ్చే శనివారం మా పెళ్లై యాభై ఏళ్లు. హాల్లో ఊరందరి ముందూ మాట్లాడాలని, ఆవిడకి తెలీకుండా రెండు నెలల్నుంచి కంప్యూటర్లో రాసుకుంటున్నాను. అంతా రాశాను. ఓ పొద్దున తెరిచి చూస్తే అక్షరం లేదు. రాశానా, రాసినట్టు కలగన్నానా అనుకుని, మళ్లీ మొదట్నుంచీ రాశాను. రెండ్రోజుల తర్వాత చూస్తే మొదట రాసింది ఉంది. మళ్లీ రాసినప్పుడు మధ్యలో వరద కథ కూడా కలిపాను, అది లేదు. వారం పోయాక వరద కథ ఉంది. మర్నాడు లేదు. ఏది రాశానో, ఏది రాయలేదో, ఏది తుడిపేశానో... లాకీ కూడా ఇలాగే, పెట్టాననేవాడు, పెట్టలేదనేవాడు."

వాడి గడ్డం వణుకుతోంది. నలభై ఏళ్లలో లారీ బోల్తా పడ్డప్పుడు కూడా వణకని గడ్డం.

"శనివారం నేను మాట్లాడను. ఆ తర్వాత నోయ్‌లీన్‌కి చెప్పేసి, లైసెన్స్ కూడా ఇచ్చేస్తాను. ఏ రోజో గేటు అనుకుని నదిలోకి తోలేస్తే?"

నాకు ముందు ఏడుపొచ్చింది. ఏడవబోతూ ఆగాను. ఎందుకంటే బుర్రలో ఏదో టక్కుమంది.

"ఆథల్, అక్షరం లేకుండా పోయిన పొద్దున తెర మీద ఎవరున్నారు?"

"ఇంకెవరు? గ్లెన్."

"వరద కథ ఉన్న రోజుల్లో?"

"అప్పుడూ గ్లెనే. నువ్వొచ్చి పంపించే లోపల కాసేపు రాసుకునేవాణ్ణి. ఏం?"

"ఒరే వెధవా!" అని నేను వల నదిలో వదిలేశాను. "ఒరే శుంఠా! గ్లెన్ ఉన్నప్పుడు నువ్వు రాసేది పాత హోమ్‌లో పడుతోందిరా! నేనొచ్చి డిస్కు లేపగానే అది దాని మీద కూర్చుంటుంది. కింద నువ్వు రాసింది కింద, పైన నువ్వు రాసింది పైన. రెండు చోట్లా రాస్తున్నావు నువ్వు. నీ బుర్రకేం కాలేదు!"

ఆథల్ నన్ను జాలిగా చూశాడు.

"మంచివాడివిరా క్లారీ. నన్ను ఓదార్చడానికి ఇంత కథ అల్లావు. మరి నువ్వొచ్చినప్పుడల్లా బొమ్మ మారుతుందని మాత్రమే చెప్పావే?"

చెప్పింది నిజమే. నీకర్థం కాదులే అన్నవాణ్ణి నేనే కదా. వల వెనక నీళ్లలోకి దిగి దాన్ని పట్టుకుని, నడుం దాకా తడిసి, "పద ఇంటికి. కళ్లతో చూద్దువు గాని," అన్నాను.

దారిలో వాళ్ల పెరడు కనిపించింది. మూడు రోజుల వాన తర్వాత ఎండ కాసిన రోజేమో, తీగ మీద తెల్లటి టేబుల్ గుడ్డలు రెపరెపలాడుతున్నాయి. సగం అప్పటికే తీసేసినట్టున్నాయి. శనివారం హాల్లో పరవడానికి.

ఆథల్ నిట్టూర్చాడు. "రేపు గ్లెన్ వస్తాడు."

"నీకెలా తెలుసు?"

"ఉతికిన మర్నాడే వస్తాడు వాడు. బతికున్నప్పుడు తీగ మీంచి దుప్పట్లు లాగడం వాడికెంత సరదా? ఆ వాసనకే వస్తాడు. నువ్వు నవ్వుతావని చెప్పలేదు. నేను కీబోర్డ్ పక్కన బిస్కెట్ కూడా పెడుతున్నా."

"బిస్కెట్ ఎవరు తింటున్నారు?"

"బెస్."

నేను నవ్వలేదు. ఉతికిన మర్నాడు. ఎండొచ్చిన మర్నాడు. గ్లెన్ వచ్చిన పొద్దులన్నీ లెక్క వేసుకుంటే, ప్రతిసారీ ముందురోజు నేను బంగాళాదుంపల్లో కలుపు తీశాను. వానలో ఎవడు తీస్తాడు? ఎండకీ డిస్కుకీ ఏం సంబంధం? తడి కాళ్లతోనే, ఇల్లు తుడిచారో లేదో కూడా చూడకుండా, గదిలోకి పరిగెత్తాను.

గదిలో నోయ్‌లీన్ ఉంది. ఎదురుగా ఇస్త్రీ బల్ల, దాని మీద టేబుల్ గుడ్డలు, చేతిలో ఇస్త్రీ పెట్టె. పెట్టె తీగ బీరువా వెనక్కి వెళ్లింది. బీరువా పక్కన నేల మీద, పీకి పడేసిన నల్లటి ప్లగ్గొకటి. ఆథల్ డిస్కు ప్లగ్గు.

"నోయ్‌లీన్," అన్నాను నెమ్మదిగా, "ఇస్త్రీ అయ్యాక ఆ ప్లగ్గుని ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? తీసినచోటే పెట్టేస్తాను. నేనేమన్నా మీలా ఎక్కడిదక్కడ పడేసి పోయేదాన్నా?"

"పెట్టి?"

"పెట్టి స్విచ్ ఆపేస్తాను. గదిలో మనిషి లేకుండా స్విచ్ వేసి పోవడానికి ఇదేమన్నా రాజుగారి కోటా?"

నేను బీరువాకి ఆనుకుని నవ్వాను. ఆగకుండా నవ్వాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో అక్షరం అక్షరం వెతికాం మేము, అక్కడ డిస్కుకి కరెంటే లేదు. నేను చీకట్లో చెయ్యి దూర్చి స్విచ్‌లన్నీ కిందికి నొక్కినప్పుడల్లా, ఆవిడ ఆపింది నేను వేస్తున్నాను. అదీ నా అనుభవం. అది రోగమని అరవాల్సిన మిషన్ నోరేమో మేమే నోఫెయిల్ పెట్టి నొక్కేశాం.

ఆథల్ మాత్రం నవ్వలేదు. గుమ్మంలో నిలబడి, "చూపించు," అన్నాడు.

డిస్కుకి కరెంటు లేకుండానే కంప్యూటర్ వేశాం. గ్లెన్ వచ్చాడు. పాత హోమ్‌లో వాడి ప్రసంగం ఉంది, వరద కథతో సహా. దాన్ని పెన్ డ్రైవ్‌లోకి తీసుకున్నాం. ఇస్త్రీ పెట్టె పీకి డిస్కు పెట్టి, స్విచ్ వేసి మళ్లీ లేపాం. బెస్ వచ్చింది. ఇక్కడా ప్రసంగం ఉంది, వరద కథ లేకుండా. రెంటినీ పక్కపక్కన తెరిచాం.

నోయ్‌లీన్ ముందుకు వంగబోతే ఆథల్ తెరకి అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వు చూడకు. క్లారీ, నువ్వూ ఇక్కడిదాకానే చూడు, కిందికి వెళ్లకు."

చూసినంత చాలు నాకు. వారాల తేడాలో, మొదటిది లేదనుకుని రాసిన రెండోది, మొదటిదానికి మాట మాట సరిపోయింది. అదే చోట ఊపిరి తీసుకున్నాడు, అదే చోట నన్ను తిట్టాడు. అదే చోట అదే అబద్ధం కూడా. పెళ్లికి ముందు నోయ్‌లీన్‌ని నది ఒడ్డున పెళ్లాడమని అడిగిన రోజు పట్టిన ట్రౌట్ చేప బరువు, రెండు రాతల్లోనూ పదకొండు పౌండ్లే.

"మతిపోయినవాడు ఇంత నమ్మకంగా ఒకే అబద్ధం రెండుసార్లు చెప్పలేడురా," అన్నాను.

ఆథల్ ఇస్త్రీ బల్ల కిందే నేల మీద చతికిలపడ్డాడు. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో బెస్‌కి కూడా తెలియక, వచ్చి వాడి చెవి నాకింది.

నోయ్‌లీన్‌కి అప్పుడుగానీ అసలు సంగతి తెలియలేదు. లాకీ పేరు వినగానే చేతిలో పెట్టె గుడ్డ మీద వదిలేసింది.

"నెల రోజుల్నుంచీ ఈ మనిషి రాత్రిళ్లు నిద్రపోవట్లేదు. వేరే ఎవరైనా ఉన్నారేమో అని కూడా అనుకున్నా. నేనా? నేనా ఇతన్ని ఇలా చేసింది? ఒక్క మాట నాతో అంటే ఏం పోయింది, మొద్దు మనిషీ?" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే కాలిన వాసన కూడా వచ్చింది. పెట్టె ఇంకా వేడిగానే గుడ్డ మీద బోర్లా ఉంది.

ఆ గుడ్డని శనివారం హాల్లో నా ముందే పరిచింది, మాడిన మచ్చ సరిగ్గా నా ప్లేటు దగ్గరికొచ్చేట్టు.

గుట్టు తేలిన సాయంత్రమే నోయ్‌లీన్ తన ఎర్ర గోళ్లరంగు తెచ్చి ఆ గోడ స్విచ్ మీద పెద్ద చుక్క పెట్టింది. "రంగున్న స్విచ్ చచ్చినా ముట్టను. సరేనా?" అని మాటిచ్చింది. నేను ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తెరిచి నోఫెయిల్ తీసేస్తానంటే, ఆథల్ చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనియ్యరా. అప్పుడప్పుడూ గ్లెన్ రావద్దూ?" అన్నాడు. ఉంచేశాను.

శనివారం వచ్చింది. ఊరంతా తలా ఒక ప్లేటు పట్టుకుని హాలుకి వచ్చింది. ఆథల్ ఇంట్లో ప్రింటర్ లేదు, సిరా డబ్బా ధరకి గొర్రెపిల్లొస్తుందని వాడి వాదన. అంచేత కంప్యూటర్, తెర, డిస్కు అన్నీ టబ్బులో పెట్టి మోసుకొచ్చి, వేదిక పక్క బల్ల మీద పేర్చాం. తెర చూసి చదువుతాడు. డిస్కు ప్లగ్గు గోడకి పెట్టాం, టీ నీళ్లు మరిగే పెద్ద బాయిలర్ ప్లగ్గు పక్కనే.

ఆథల్ లేచాడు. గొంతు సవరించుకున్నాడు. మొదటి మాటలు బాగానే చదివాడు. నన్ను తిట్టే చోటు కూడా వచ్చింది, ఊరంతా చప్పట్లు కొట్టింది. సరిగ్గా అప్పుడు నీళ్లు మరిగాయి. నోయ్‌లీన్ ప్రసంగం వింటూనే, మొహం ఆథల్ వైపే ఉంచి, వెనక్కి చెయ్యి చాపి, గోడ మీద ఉన్న రెండు స్విచ్‌లూ టక్ టక్ మని ఆపేసింది.

తెర బిగుసుకుపోయింది. ఆథల్ ఆగిపోయాడు. నేను గోడ వైపు చూశాను, హాలంతా నాతోపాటే చూసింది.

నోయ్‌లీన్ చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. "దీని మీద రంగు లేదుగా!" అంది.

నేను పరిగెత్తి కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. కంగారులో డిస్కు స్విచ్ వెయ్యడం నేనే మరిచిపోయాను. కంప్యూటర్ లేచింది. తెర నిండా, ఊరందరి ముందూ, నాలుక బయట పెట్టి, గ్లెన్.

"గ్లెన్!" అన్నారు ఎవరో వెనక నుంచి. వాణ్ణి తెలియనివాళ్లెవరు మా ఊళ్లో? సగం మంది దుప్పట్లు వాడే లాగాడు.

"కింది హోమ్‌లో కూడా ఉందిరా, తెరుస్తాను ఉండు," అని గొణుగుతూ నేను ఫైలు తెరిచాను. ఆథల్ నా వైపు చూడలేదు. తెర వైపూ చూడలేదు. గ్లెన్‌కి వీపు పెట్టి, హాలు వైపు తిరిగి, ఆగిన మాట దగ్గర నుంచి అందుకున్నాడు.

నేను తెర మీద వేలు పెట్టి వాడి వెనకే చదువుకుంటూ పోయాను. ఒక్క మాట తప్పలేదు. గొర్రెల లారీ, మొదటి ఇల్లు, లాకీ, వరద వచ్చిన రాత్రి నోయ్‌లీన్ నడుం లోతు నీళ్లలో నిలబడి ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఆ తర్వాతే మొగుణ్ణి ఒడ్డుకి లాగిన సంగతి. జనం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్నారు. నేనూ తుడుచుకున్నాను, నవ్వి కాదు. లాకీ పోయిన దారిలోకి వీడు వెళ్లట్లేదు. వాడి బుర్రలో గేట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆఖరికి నది ఒడ్డుకి వచ్చాడు.

"ఆ రోజు నేను పట్టిన ట్రౌట్," అని రెండు చేతులూ బారెడు చాచాడు ఆథల్, "పదకొండు పౌండ్లు!"

"నాలుగు!" అని గోడ దగ్గర నుంచి నోయ్‌లీన్ అరిచింది. "నాలుగు కూడా లేదు! నేనున్నాను అక్కడ!"

హాలు పైకప్పు లేచిపోయేట్టు నవ్వింది. ఆథల్ చేతులు కట్టుకుని, తొందర లేకుండా, నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు. నేను వాడు ఎక్కడున్నాడో చూద్దామని తెర మీద తరవాతి వరస వెతికాను. ఉంది. నెల కిందట, చచ్చిపోయిన గ్లెన్ చూస్తుండగా, తనకి మతి పోతోందని వణుకుతూ కూర్చుని రాసుకున్న వరస.

'ఇక్కడ నోయ్‌లీన్ నాలుగని అరుస్తుంది. ఆగు. ఆవిడ చెప్పిందే నిజం.'